దీపాలు పెట్టాక అడిగిన తోడు

మా ఊళ్ళో నన్ను "మంచు వంటోడు" అంటారు. బస్సు ఆగే చోట నా టిఫిన్ హోటలుకి బోర్డుంది, బోర్డు మీద పేరుంది. అయినా శ్రీముఖలింగం గుడికి దారడిగిన వాళ్ళకి మావాళ్ళు చెప్పే గుర్తు మాత్రం అదే. "మంచు వంటోడి హోటలు కాడ కుడిపక్కకి తిరగండి" అంటారు. తిరగాల్సినవాళ్ళు తిరక్కుండా లోపలికొచ్చి కూర్చుంటారు. ఇడ్లీ ప్లేటు ముందు పెట్టేలోగా మొదలవుతుంది. అక్కడ చలి ఎంత? నెలల తరబడి రాత్రేనట కదా? పెంగ్విన్‌ని కోసి వండారా? ఈ చివరి ప్రశ్నకి నాకు ఒళ్ళు మండిపోతుంది. పెంగ్విన్‌లని నేను దూరం నుంచి రెండుసార్లు చూశాను, అంతే. నేను వండినవి పప్పు, అన్నం, రొట్టెలు, కూరలు, ఆదివారాల్లో పూరీలు.

నిజం చెప్పాలంటే చలి నాకు పెద్దగా గుర్తు లేదు. గుర్తున్నది ఆ వంటిల్లు. దక్షిణ ధ్రువ ఖండంలో, మంచు మధ్య బండరాళ్ళ మీద కట్టిన మన దేశపు పరిశోధనా కేంద్రంలో, నేను పద్నాలుగు నెలలు వండిన వంటిల్లు. చెయ్యెత్తితే తగిలేంత కిందకి పైకప్పు. గోడ అవతల రాత్రీ పగలూ జనరేటరు రొద. ఆవాలు చిటపటలాడాయంటే చాలు, శాస్త్రవేత్తలు, మెకానిక్కులు, డాక్టరు ఒక్కొక్కరే ఏదో పని ఉన్నట్టు వంటింటి గుమ్మం దగ్గర తచ్చాడేవాళ్ళు. "అవ్వలేదు, పొండి" అని గసిరేవాణ్ణి. పోయేవాళ్ళు కాదు. ఇప్పటికీ తాలింపు వేసేటప్పుడు నా చూపు గుమ్మం వైపే పోతుంది.

నేను పెద్ద పెద్ద హోటళ్ళలో నేర్చుకున్నవాణ్ణి కాదు. సాలూరులో లారీ డ్రైవర్ల హోటల్లో పదేళ్ళు గరిటె తిప్పాను. ఘాట్ రోడ్డు దిగి వచ్చిన డ్రైవరుకి ఏం వడ్డిస్తే కోపం దిగుతుందో నాకు అక్కడే తెలిసింది. తర్వాత విశాఖపట్నంలో ఓడల మీద క్యాంటీను పని. అక్కడ ఎవరో చెబితే ఈ ఉద్యోగానికి కాగితం పెట్టాను. ఇద్దరు వంటవాళ్ళం వెళ్ళాల్సింది. రెండోవాడు వైద్య పరీక్షల్లో ఆగిపోయాడు. దాంతో ఇరవై మూడు మందికి నేనొక్కణ్ణే వంటవాణ్ణయ్యాను. రోజుకొకరు చొప్పున వంతులేసుకుని కూరలు తరగడానికి, అంట్లు తోమడానికి సాయం వచ్చేవాళ్ళు.

బయల్దేరేముందు అమ్మ నాకు మడిచిన గుడ్డముక్క ఒకటి ఇచ్చింది. తన పాత నేతచీర చెంగు. పెరుగులో ముంచి, నీడపట్టున ఆరబెట్టి, మళ్ళీ ముంచి, మళ్ళీ ఆరబెట్టి, అట్టముక్కలా చేసింది.

"అక్కడ తోడు దొరకదురా. గోరెచ్చటి పాలల్లో ఈ గుడ్డ పడీ. మన పెరుగే పేరుకుంతాది."

"అక్కడ ఆవులే ఉండవమ్మా. పాలపొడే."

"పొడైతే ఏటి? పాలు పాలే కదేటి. పడీ, సూడు."

వేశాను. మొదటిసారి నీళ్ళోడింది. రెండోసారి తీగలు సాగింది. మూడోసారికి బాగా తోడుకుంది, చెంచా గుచ్చితే నిలబడింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల్లో పెరుగు గిన్నె పెట్టగానే మా డాక్టరుగారు, ఆయన తమిళాయన, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "వంటాయనా, ఇదిరా భోజనం!" అన్నారు, వచ్చీరాని తెలుగులో. అప్పటిదాకా డబ్బాల్లో వచ్చిన కూరలు, గడ్డకట్టిన మాంసం తిని తిని విసిగి ఉన్నారందరూ. ఆనాటి నుంచి పంజాబీ మెకానిక్కుకి లస్సీ, బెంగాలీ శాస్త్రవేత్తకి తీపి పెరుగు, డాక్టరుగారికి పెరుగన్నం. ఎవరికి కావలసింది వాళ్ళకి.

ఆ పెరుగు మీద నాకు గర్వం తలకెక్కింది. ఒప్పుకుంటాను. రోజూ కొంత తీసి చిన్న స్టీలు గిన్నెలో తోడుకని పక్కన పెట్టేవాణ్ణి. దాన్ని రొట్టెల పొయ్యి మీద అరలో ఉంచేవాణ్ణి, అక్కడ వెచ్చగా ఉంటుందని. పొయ్యి బాగా రగిలించే రోజు నేనే పక్కకి తీసేవాణ్ణి. సాయానికి వచ్చినవాళ్ళు దాన్ని కదుపుతారేమోనని నాకు భయం. ఒకసారి ఒకాయన ఆ గిన్నెలో చెంచా పెట్టి రుచి చూశాడు. ఆయన పెద్ద చదువులు చదివిన మనిషి, అయినా నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు హిందీలో ఒక కాగితం రాసి అరకి అంటించాను. "ఈ గిన్నె ఎవరూ ముట్టుకోరాదు. ఎట్టి పరిస్థితిలోనూ." కింద రెండు గీతలు కూడా గీశాను.

ఇక్కడ మా అమ్మ పట్టింపు ఒకటి చెప్పాలి. దీపాలు పెట్టాక ఇంట్లోంచి తోడు బయటికి ఇవ్వకూడదు. పాలు అడిగితే చిటికెడు పసుపేసి ఇవ్వొచ్చు. మజ్జిగ అడిగితే ఉప్పేసి ఇవ్వొచ్చు. తోడు మాత్రం ఇవ్వకూడదు. ఇస్తే ఇంట్లో పాడి పోతుందని, లక్ష్మి వెళ్ళిపోతుందని. మా వైపు చాలా ఇళ్ళల్లో ఉన్నదే ఇది. మా అమ్మకి మరీ పట్టుదల.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం పక్కింటి పిన్ని ఖాళీ గ్లాసు పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. అమ్మా ఆవిడా ఒకే ఏడు ఆ వీధికి కోడళ్ళుగా వచ్చారు. నూతి దగ్గరా, పొలంలోనూ, కోతలప్పుడూ ఇద్దరూ ఎప్పుడూ ఒక్కచోటే. పిన్ని కొడుక్కి రెండ్రోజులుగా విరేచనాలు. మజ్జిగ తేట తప్ప ఏదీ కడుపులో నిలవడం లేదు. ఆవేళ వాళ్ళ పెరుగు కుండని పిల్లి దొర్లించేసింది.

"కొద్దిగా తోడు పెట్టవే అప్పా, పొద్దుటికి పేరుకుంతాది."

అమ్మ అప్పుడే దీపం వెలిగించి అగ్గిపుల్ల ఆర్పుతోంది. "దీపాలెట్టీసినాను కదే. రేపు పొద్దున్నే రా" అంది.

పిన్ని ఖాళీ గ్లాసుతోనే వెళ్ళిపోయింది. తెల్లవారకుండానే ఆ పిల్లాణ్ణి భుజాన వేసుకుని శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పరిగెత్తారు. సెలైను ఎక్కించారు, బతికాడు, ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి తోడు ఇచ్చినా ఆసుపత్రి తప్పేది కాదని ఊళ్ళో అందరికీ తెలుసు, పిన్నికీ తెలుసు. కానీ ఆవిడ మళ్ళీ మా ఇంట్లో తోడు అడగలేదు. పలకరింపులున్నాయి, పెళ్ళిళ్ళకి బొట్టు పెట్టి పిలుచుకోవడాలున్నాయి. పెరుగు పాడైన రోజున మాత్రం వీధి చివరి ఇంటికి వెళ్ళి తోడు తెచ్చుకునేది. మా గుమ్మం ముందు నుంచే వెళ్ళేది, గ్లాసు కొంగు కింద దాచకుండా. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి. అమ్మ ఆ గ్లాసుని చూసి లోపలికి వెళ్ళిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

మన దగ్గర ఏరువాక పనులు మొదలయ్యే రోజులకి అక్కడ సూర్యుడు మాయమయ్యాడు. రెండు నెలలు రాడు. మిట్టమధ్యాహ్నం కాసేపు ఆకాశం అంచున ఎర్రటి చార కనిపిస్తుంది, మళ్ళీ చీకటి. పొద్దున్న అల్పాహారానికీ దీపాలే, మధ్యాహ్నం భోజనానికీ దీపాలే. అలాంటి రోజుల్లో ఒకనాడు మా కేంద్రానికి నాలుగైదు కిలోమీటర్ల అవతలున్న రష్యా వాళ్ళ కేంద్రం నుంచి వాళ్ళ వంటాయన వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, గుబురు మీసం, నవ్వితే రెండు బంగారు పళ్ళు. పండగ భోజనానికి ఒకసారి మా దగ్గరికొచ్చి నా పెరుగు మూడు గిన్నెలు తిన్నవాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం.

మా డాక్టరుగారు చెప్పారు. వాళ్ళ వాహనాల డ్రైవరు ఒకతను జబ్బుపడి చాలా రోజులు మందులు వాడాడట. జబ్బు తగ్గింది కానీ కడుపు పాడైపోయింది. ఏం తిన్నా నిలవడం లేదు. మనిషి సగమైపోయాడు. విమానం వచ్చే కాలం కాదు, ఇంకెక్కడికీ తీసుకెళ్ళలేరు. రోజూ పెరుగు పడితే లోపల కుదుటపడుతుందని ఇద్దరు డాక్టర్లూ అనుకున్నారట. "కాస్త తోడు ఇస్తే వాళ్ళు రోజూ చేసుకుంటారు" అన్నారాయన.

నేను కిటికీ వైపు చూశాను. నల్లగా ఉంది.

"తోడు ఇవ్వకూడదండీ. దీపాలు పెట్టాక" అన్నాను.

డాక్టరుగారికీ ఆ ఆచారం తెలుసు, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉందట. నవ్వారు. "సూర్యుడొచ్చేది ఇంకా నెల్లాళ్ళకయ్యా" అన్నారు.

"అయితే నెల్లాళ్ళ తర్వాత ఇస్తాను."

ఎంత మూర్ఖంగా అన్నానో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. కానీ అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అక్కడ జనరేటరు ఒక పూట ఆగితే అందరం గడ్డకట్టుకుపోతాం. ఊళ్ళో ఉంటే కొట్టిపారేసే మాటలు కూడా అక్కడ గట్టిగా పట్టుకుంటాయి. పైగా అది నా పెరుగు. కాదనీ అనలేక, ఇవ్వనూ లేక, ఒక తెలివితక్కువ తెలివి చేశాను. తోడు బదులు, అప్పుడే పొయ్యి మీంచి దించిన మజ్జిగపులుసు సీసా నిండా పోసి ఇచ్చాను. ఉప్పేసిన మజ్జిగ ఇవ్వొచ్చు కదా, తప్పు లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ పెద్దాయన రెండు చేతులా అందుకుని, సీసా గుండెకి హత్తుకుని, వంగి దండం లాంటిది పెట్టి వెళ్ళాడు.

మూడో రోజున డాక్టరుగారు వంటింట్లోకొచ్చి తలుపు మూశారు. ఆ వంటాయన నా మజ్జిగపులుసుతో పాలు తోడు పెట్టాడట. పసుపురంగు నీళ్ళై విరిగిపోయాయట. ఇండియా వాళ్ళ పద్ధతి ఇలాగే ఉంటుందేమోననుకుని ఆ విరుగుడునే డ్రైవరు చేత తాగించాడట. అతనికి వాంతులు. "నువ్వేం ఇచ్చావో ఇప్పుడు నాకు తెలిసింది, ఆయనకి నేను చెప్పలేదు" అన్నారు డాక్టరుగారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం ఇంటికి ఫోను చేసే వంతు నాది. అమ్మకి అంతా చెప్పాను. లైను తెగిందేమోననుకున్నాను.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను. ఆడు బతికే ఉన్నాడేటి?"

"ఉన్నాడు."

"అయితే ఇచ్చీరా. ఇప్పుడే ఎల్లి ఇచ్చీ."

"నువ్వే కదమ్మా, దీపాలు పెట్టాక..."

"నాను ఓపాలి ఇయ్యనేదురా. నీకు తెల్దేటి? ముప్పై ఏళ్ళబట్టి ఆ గలాసు నా గుమ్మం ముందునించి ఎల్తంతే సూస్తన్నాను. నువ్వు అలగ సూడకురా నాయనా. ఎల్లు."

అమ్మ ఆ సంగతి నోటితో అనడం నేను వినడం అదే మొదలు. ఫోను పెట్టేసి నేరుగా మా కేంద్రం నాయకుడి దగ్గరికెళ్ళి బండి కావాలన్నాను. గాలి పెరిగేలా ఉంది, రేపు చూద్దాం అన్నాడాయన. నేను ఊరుకోలేదు. నా కోపం అందరికీ తెలిసిందే, ఆ రోజు దానికి ఏడుపు కూడా కలిసింది. చివరికి డాక్టరుగారినీ నన్నూ బండిలో పంపించారు. పెరుగు సీసాని కోటు లోపల, బనీను లోపల, కడుపుకి ఆనించి గుడ్డతో కట్టుకున్నాను. దారంతా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.

మేము చేరాక గాలి మొదలైంది. మూడు రోజులు తలుపు తియ్యనివ్వలేదు. ఆ మూడు రోజులూ వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను. పాలు ఎంత వెచ్చగా ఉండాలో పెద్దాయన చిటికెనవేలు ముంచి చూపించాను. అన్నం మెత్తగా ఉడికించి, పెరుగు కలిపి, మెదిపి, ఆ డ్రైవరుకి చెంచాతో పెట్టాను. ముప్పై దాటని మనిషి, చెంపలు లోపలికి పోయాయి. మొదటి చెంచాకి భయంగా చూశాడు, పాపం, మజ్జిగపులుసు గుర్తొచ్చి ఉంటుంది. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. ఆ పూట నాలుగు చెంచాలు నిలిచాయి. మర్నాడు చిన్న గిన్నెడు. మూడో రోజు తనే గిన్నె ముందుకి జరిపాడు, ఇంకా పెట్టమని. పెద్దాయన గోడవైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు.

ఆ సంతోషంతో మా వంటింటికి తిరిగొచ్చాను. తలుపు తియ్యగానే రొట్టెల వాసన. నేను లేని మూడు రోజులూ మావాళ్ళు చపాతీలు చెయ్యడం చేతకాక రొట్టెల పొయ్యి రగిలించి బ్రెడ్డు కాల్చుకున్నారు, పొద్దున్నా సాయంత్రం. పొయ్యి పైన అరలో నా తోడు గిన్నె ఉన్నచోటే ఉంది. లోపల పెరుగు ఉడికి, పచ్చటి నీళ్ళలో ముద్ద తేలుతోంది. తినే పెరుగు ఏమైందంటే, అది మొదటి రోజే గిన్నె నాకి మరీ తినేశారు.

"దాన్ని పక్కకి తియ్యొచ్చు కదరా!" అని అరిచాను.

ఆనాడు నా దగ్గర తిట్లు తిన్న పెద్ద చదువుల మనిషే అక్కడ ఉన్నాడు. ఆయన అరకి అంటించిన కాగితం చూపించాడు. ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోరాదు. రెండు గీతలు. నేను కింద కూర్చుండిపోయాను. అమ్మ గుడ్డ కూడా ఎప్పుడో పాలల్లో నాని నాని పీలికలైపోయింది. ఇంకేం మిగల్లేదు.

డాక్టరుగారు రేడియోలో రష్యా వాళ్ళ కేంద్రానికి చెప్పారు. నేను అడగమనలేదు. అడిగే మొహం నాకు లేదు. రెండు గంటల్లో బయట బండి చప్పుడైంది. పెద్దాయన లోపలికొచ్చి, మంచు దులుపుకుని, కోటు విప్పి, చొక్కా పైకి లాగాడు. కడుపుకి ఆనించి గుడ్డతో కట్టుకున్న సీసా. నేను ఎలా కట్టుకున్నానో అచ్చం అలాగే. ముడి విప్పి నా చేతిలో పెట్టాడు. సూర్యుడొచ్చేందుకు ఇంకా రెండు వారాలుంది. ఆయన మొహంలో వెటకారం ఉందేమోనని వెతికాను, లేదు. అప్పుడు ఏడ్చాను, సిగ్గు విడిచి, అందరి ముందూ. ఆయనకి ఎందుకో అర్థం కాక, నా వీపు తట్టి, టీ పెట్టమని సైగ చేశాడు.

ఆ కాగితం ఆ రోజే చింపేశాను. తోడు ఎలా వెయ్యాలో ఇరవై మూడు మందికీ నేర్పాను. వంతులవారీగా అందరూ వేశారు. పంజాబీ మెకానిక్కు వేసిన పెరుగు నాకన్నా బాగా కుదిరేది. ఆ మాట అప్పుడు మాత్రం ఒప్పుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు నా తువ్వాలు చింపి ఆ పెరుగులో ముంచి ఆరబెట్టుకుని తెచ్చాను. ఇంటికొచ్చిన మర్నాడు అమ్మ దాన్ని పాలల్లో వేసింది. రెండోనాటికి గట్టిగా తోడుకుంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, "మన పెరుగేరా, మారనేదు" అంది.

చేతులు మారింది, మళ్ళీ వచ్చింది అని చెప్పాను. మజ్జిగపులుసు దగ్గర్నుంచి సీసా దాకా మొత్తం. ఫోనులో చెప్పనిది కూడా, నా కాగితం సంగతితో సహా. అమ్మ వింటూ బియ్యం చెరుగుతోంది. మధ్యలో చేట ఆగిపోయింది. ఆఖరికి ఒక్కటే అడిగింది.

"ఆ ముసిలాయన, సీకట్లోనే తెచ్చినాడేటి?"

"చీకట్లోనే."

ఆ సాయంత్రం అమ్మ దీపం పెట్టింది. అగ్గిపుల్ల ఆర్పి, లోపలికెళ్ళి, చిన్న గిన్నెలో పెరుగు తీసి బయటికి నడిచింది. కొంగు కప్పలేదు. నేను అరుగు మీద ఉన్నాను. పక్కింటి గుమ్మంలో పిన్ని నిలబడి అమ్మనీ, గిన్నెనీ, మా గూట్లో వెలుగుతున్న దీపాన్నీ చూసింది.

"ఏటప్పా, దీపాలెట్టీసినట్టున్నావు?"

"ఎట్టీసినానే. అందుకే తెచ్చినాను."

పిన్ని ఆవేళ పాలు అప్పటికే తోడు పెట్టేసుకుంది. ఆ సంగతి తర్వాత వాళ్ళ కోడలు చెప్పింది. అయినా గిన్నె అందుకుని లోపలికెళ్ళి, పొద్దుటి టీకని దాచిన పాలు తీసి పొయ్యి మీద పెట్టింది. ఆ పాలు కాగి, ఆరి, గోరువెచ్చగా అయ్యేదాకా అమ్మ ఆ గుమ్మంలోనే కూర్చుంది.